డాలూ, బల్లెమూ, గీటురాయీ

నాణేన్ని కూడా చదవాలంటే మన విమర్శకుల్లో కొందరు నొసలు చిట్లిస్తారు. అది పురావస్తు శాఖవారి పని, మహా అయితే చరిత్ర ఉపాధ్యాయుల పని అంటారు. నేనట్లా అనుకోను. ఒక బొమ్మ, నాలుగు మాటలు, వాటిని చేయించిన వర్గం, వాటిని చేతబట్టిన జనం ఉన్నచోట విమర్శకు పని ఉండి తీరుతుంది. చక్రవర్తి ఆస్థానంలో చదివిన కావ్యాన్ని విన్నవారు కొద్దిమంది. ఆయన ముద్రవేయించిన నాణేన్ని పట్టుకున్నవారు లక్షలమంది. అక్షరం రానివాడి చేతికి కూడా అందిన రచన అది. దాన్ని విమర్శ పరిధినుంచి తోసివేస్తే, పాలకవర్గం అన్నిటికన్నా ఎక్కువ ప్రతులు తీసి పంచిన రచననే మనం చదవకుండా వదిలినవాళ్లమవుతాం.

ఈ వ్యాసానికి నేను తీసుకున్నది ప్రాచీన రోము వెండి నాణెం. లాటిను పేరు డెనేరియస్. తెలుగు బైబిలు చదివినవారికి అది దేనారమనే పేరుతో పరిచయమే. తూకం నాలుగు గ్రాములకు కాస్త తక్కువ, అంటే మన తులంలో మూడోవంతు. దానిమీద తరచుగా కనిపించేవి యుద్ధ చిహ్నాలు: ఓడలు, ధ్వజాలు, డాళ్లు, బల్లేలు. ఈ చిహ్నాలు ఎవరికోసం, ఎవరిమీద, ఎవరి ఖర్చుతో చెక్కించారన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో పుట్టలేదు. నేను మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఇక్కడ నేల ఇప్పుడు గజాల లెక్కన అమ్ముడవుతున్నది. బయటి వలయ రహదారి వచ్చిన తర్వాత గుట్టలు చదునై, చెలకలు ప్లాట్లై, యంత్రం పళ్లు పడని మడి కనిపించడం కష్టమైంది. నేల తవ్వేచోట నిధుల మాట పుట్టడం సహజం. ఆ మాట నడుస్తున్న రోజుల్లో మా విద్యార్థి ఒకడు ఒక విదేశీ వేలంపాట జాబితాలోని బొమ్మ చూపించాడు. అరుదైన రోమను వెండి నాణెం, విశిష్టమైన సైనిక చిహ్నాలు అని దాని కింద రాసి ఉంది. “సార్, గిసుంటిది మన దిక్కు దొరికితే ఎంతొస్తది?” అని అడిగాడు. ఆ ప్రశ్నను నేను తప్పుపట్టను. తాత దున్నిన పొలం అమ్ముడుపోయిన ఇంటినుంచి వచ్చిన పిల్లవాడు ధర అడగక మరేమడుగుతాడు? కాని ఆ జాబితాలోని రెండు మాటల దగ్గర మనం ఆగవలసి ఉంది. ఒకటి “అరుదైన”. రెండు “సైనిక”.

ముందు అరుదు సంగతి చూద్దాం. రోమను వెండి నాణేల్లో సైనిక చిహ్నాలకు పేరుపడ్డది మార్క్ ఆంటొనీ వేయించిన దళాల నాణెం. క్రీ. పూ. 32-31 సంవత్సరాల్లో, ఆక్టేవియన్‌తో తుదిపోరుకు సిద్ధమవుతూ, తన సేనలకు జీతాలివ్వడంకోసం ఆంటొనీ దీన్ని గుట్టలుగా ముద్రవేయించాడు. ఒకవైపు తెడ్లు వేసిన యుద్ధనౌక. రెండోవైపు రెండు ధ్వజాల నడుమ గద్ద బొమ్మ ఉన్న దళధ్వజం, దానికింద దళం సంఖ్య. ఆరో దళంవాడికి ఆరో దళం పేరుతో, పదో దళంవాడికి పదో దళం పేరుతో నాణెం! సైనికుడి చేతిలో పడ్డ కూలిమీద అతని దళం పేరే చెక్కి ఉంటే, ఆ కూలి అతనికి గౌరవంలా కనిపించాలన్నది పథకం.

పథకంలో ఒక లొసుగు ఉంది. ఆ వెండి మంచిది కాదు. అందులో రాగి పాలు హెచ్చు. ఆంటొనీ దేనారంలో ఇనుము కలిపాడని రోమను రచయిత ప్లినీయే రాసిపెట్టాడు. సైన్యం కీర్తిని ఎంత ఆర్భాటంగా చెక్కారో, ఆ సైన్యానికిచ్చే కూలిలో అంత కల్తీ చేశారు. క్రీ. పూ. 31లో ఆక్టియం దగ్గర నౌకాయుద్ధంలో ఓడి ఆంటొనీ ఈజిప్టుకు పారిపోయాడు. ఒడ్డున మిగిలిన అతని దళాలు కొద్ది రోజులు బేరమాడి, షరతులు కుదుర్చుకుని, ఎదుటి పక్షంలో చేరిపోయాయి. నాణెంమీది గద్ద వారిని ఆపలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ నాణెం రోమను సామ్రాజ్యంలో అరుదైనది కాదు. చెడ్డ నాణేన్ని ఎవరూ కరిగించరు, దాచుకోరు, చేతులు మార్చేస్తారు. అందుచేత అది రెండువందల ఏళ్లకు పైగా అరిగి అరిగి చెలామణీ అయింది. కాని మన దేశంలో దొరికిన రోమను వెండి రాశుల్లో అది బహు అరుదు. ఇక్కడ దొరికేవాటిలో అత్యధికం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలు. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒక్కచోటే పదిహేను వందలకు పైగా దేనారాలు బయటపడ్డాయి. అవన్నీ ఆ ఇద్దరి కాలంవే. పాత కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరు తవ్వకాల్లో వచ్చిన రోమను వెండి నాణేలు కూడా ఆ ఇద్దరివే. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఆ ఇద్దరి వెండి స్వచ్ఛమైనది. క్రీ. శ. 64లో నీరో చక్రవర్తి దేనారం తూకం తగ్గించి కల్తీ పెంచిన తర్వాత మన దేశానికి వెండి రాక సన్నగిల్లిందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. అంటే మన రేవుల్లో, సంతల్లో కూర్చున్న వర్తకుడు ఆంటొనీ గద్దను చూడలేదు, ఓడను చూడలేదు. గీటురాయిమీద గీసి, త్రాసులో వేసి, కాదు పొమ్మన్నాడు. ఈ నేలమీద ఆ నాణెం అరుదు కావడం మన పూర్వులు దానిమీద చేసిన విమర్శ. వేలంపాటవాడు ధరగా లెక్కగట్టే అరుదు వెనక ఇటువంటి చరిత్ర ఉంటుంది.

ఇక ఆ గీటురాయి పరీక్షలో నెగ్గి మన దాకా వచ్చిన నాణేన్ని చూద్దాం. అగస్టస్ నాణేల్లో మన దేశంలో అన్నిటికంటె ఎక్కువగా దొరికేది, క్రీ. పూ. 2 ప్రాంతంనుంచి గాల్ దేశంలోని లుగ్దునం టంకశాలలో, అంటే ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ పట్నంలో, ముద్రపడినది. ఒకవైపు పత్రమాల ధరించిన అగస్టస్ తల. చుట్టూ అతడు దైవపుత్రుడనీ, దేశపిత అనీ రాత. రెండోవైపు ఇద్దరు యువకులు ఎదురుగా నిలబడి ఉంటారు. ఇద్దరూ చెరొక డాలుమీద చేయి ఆనించి ఉంటారు. డాళ్ల వెనక రెండు బల్లేలు. పైన పూజారులు తర్పణం వదిలే ఉద్ధరిణివంటి గరిటె, శకునాలు చూసేవాడి వంపుకర్ర. ఆయుధం కింద, దైవం పైన, రాజవంశం నడుమ! పాలకవర్గ సాహిత్యం ముడిసరుకంతా బొటనవేలి గోరంత జాగాలో అమరింది.

ఆ యువకులు గాయస్, లూసియస్. అగస్టస్ కూతురి బిడ్డలు. వారిని దత్తత తీసుకుని వారసులుగా నిలబెట్టాడు. వారికి నాణెంమీద ఇచ్చిన బిరుదు “యువజన నాయకులు”. విద్యార్థి పాఠకులు ఈ బిరుదును కాస్త శ్రద్ధగా గమనించాలి. ఏ యువజనులు ఎన్నుకున్నారు వారిని? తాత నియమించాడు. వారి చేతి డాళ్లు, బల్లేలు యుద్ధంలో సంపాదించుకున్నవా? అదీ కాదు. ఆశ్వికుల శ్రేణిగా పేరుపడ్డ రోము ధనికులు ఆ బిరుదుతోపాటు బహూకరించిన వెండి ఆయుధాలవి. ఈ సంగతి అగస్టస్ తన ఆత్మకీర్తి శాసనంలో తానే చెప్పుకున్నాడు. లూసియస్ యుద్ధం చూడకుండానే క్రీ. శ. 2లో స్పెయిను పోతూ దారిలో జబ్బుచేసి చనిపోయాడు. గాయస్ ఆర్మీనియాలో గాయపడి క్రీ. శ. 4లో చనిపోయాడు. డాళ్లు, బల్లేలు మాత్రం వారి పేరుతో సముద్రాలు దాటాయి.

టైబీరియస్ నాణేనికి వస్తే, అందులో కూర్చున్న స్త్రీని శాంతిదేవతగా చెబుతారు. ఒక చేతిలో కొమ్మ. రెండో చేతిలో కొన్ని ముద్రల్లో రాజదండం, కొన్నిటిలో తలకిందులుగా పట్టిన బల్లెం. శాంతి చేతిలోనూ బల్లెమే! జయించిన దేశంమీద సామ్రాజ్యం పెట్టే శాంతి ఎటువంటిదో ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

ఈ బొమ్మలను ఎవరికి చూపించారు? మొదటి పాఠకుడు సైనికుడు. కనుక ఆ సైనికుడి జమాఖర్చు చూడాలి. అగస్టస్ కాలంలో కాలిబంటు ఏడాది జీతం 225 దేనారాలు. పదహారు ఆస్‌లు ఒక దేనారం కాబట్టి రోజుకు పది ఆస్‌లు. క్రీ. శ. 14లో అగస్టస్ చనిపోగానే డాన్యూబు తీరంలోని పనోనియాలో మూడు దళాలు తిరగబడ్డాయి. ఆ కథ చరిత్రకారుడు టాసిటస్ చెప్పాడు. పెర్సెన్నియస్ అనే సామాన్య సైనికుడు, ఒకప్పుడు నాటకశాలల్లో చప్పట్లు కొట్టే ముఠాకు పెద్దగా ఉన్నవాడు, తోటివారిని పోగుచేసి లెక్క చెప్పాడట. మన ఒళ్లూ ప్రాణమూ కలిసి రోజుకు పది ఆస్‌ల ఖరీదు చేస్తున్నాయి, అందులోనే బట్టలు, ఆయుధాలు, గుడారాలు కొనుక్కోవాలి, దెబ్బలు తప్పించుకోవడానికి అధికారికి లంచమివ్వాలి అన్నాడు. వారి కోరికల్లో ముఖ్యమైనది ఒకటి: రోజుకొక దేనారం కావాలి.

ఈ ఒక్క కోరిక విన్న తర్వాత నాణెంమీది డాలు మునుపటిలా కనిపించదు. బొమ్మలో డాలు రాజకుమారులకు బహుమతిగా వచ్చింది. బయట సైనికుడు తన కూలిలోనుంచి ఆయుధాలకు చెల్లించుకున్నాడు. బొమ్మలో యోధుడు నిశ్చలంగా నిలబడి ఉన్నాడు. బయట అతను లెక్క అడుగుతున్నాడు. టైబీరియస్ కొడుకు డ్రూసస్ వచ్చి, చంద్రగ్రహణానికి బెదిరిన సైనికులను లొంగదీసి, పెర్సెన్నియస్‌ను చంపించాడు. టాసిటస్ తిరుగుబాటుదార్ల పక్షంవాడు కాడు, సెనేటు వర్గంవాడు. అయినా అతని రాతలో ఆ లెక్క నిలిచిపోయింది. శత్రువు వాక్యాల్లో కూడా శ్రమజీవి గొంతు వినడం విమర్శకుడు నేర్చుకోవలసిన విద్య.

సైనికుడికన్నా అడుగున మరొకడున్నాడు. స్పెయినులో కొత్త కార్తేజి పట్నం దగ్గరి వెండి గనుల్లో నలభై వేలమంది పనిచేసేవారనీ, రోజుకు ఇరవై అయిదు వేల ద్రాక్మాల రాబడి వచ్చేదనీ పొలిబియస్ చెప్పినట్టు స్ట్రాబో రాశాడు. అది క్రీ. పూ. రెండో శతాబ్ది మాట. గనుల్లో బానిసలు రాత్రింబవళ్లు తవ్వుతూ, దెబ్బలు తింటూ, బతుకుకన్నా చావే మేలనుకునేవారని డయొడోరస్ రాశాడు. నాణెంమీద దళానికి చోటుంది, గద్దకు చోటుంది, పూజారి గరిటెకు కూడా చోటుంది. వెండి తవ్వినవాడికి మాత్రం గీతంతైనా చోటు లేదు.

ఇట్లా తయారైన నాణెం మన తీరానికి ఎందుకు వచ్చింది? సరుకుకోసం వచ్చింది. మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎర్రసముద్ర యాత్రా గ్రంథం మసాలియా తీరాన్ని, అంటే కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని, సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారయ్యే చోటని చెబుతున్నది. పడమటి తీరాన భరుకచ్ఛంలో రోమను బంగారు, వెండి నాణేలను స్థానిక ధనంతో మార్చుకుంటే లాభం వస్తుందని కూడా ఆ నావికుడే సలహా చెప్పాడు. ప్లినీ మరోవైపునుంచి ఏడ్చాడు. ఏటా ఐదు కోట్ల సెస్టర్షియాల ధనం ఇండియా లాక్కుపోతున్నదన్నాడు. నాలుగు సెస్టర్షియాలు ఒక దేనారం. ఆ లెక్కన కోటీ పాతిక లక్షల దేనారాలు. సైనికుడి జీతంతో భాగిస్తే ఏబై అయిదు వేలమంది కాలిబంట్ల ఏడాది జీతం! ప్లినీ అంకె అతిశయోక్తే కావచ్చు. అయినా అతని ఏడుపులో ఒక నిజముంది. రోజుకొక దేనారం అడిగిన సైనికుడికి కత్తి చూపించిన రాజ్యం, ధనికుల మిరియాలకూ ముత్యాలకూ సన్నబట్టలకూ దేనారాలు గుమ్మరించింది.

అదే ప్లినీ చెప్పిన మరో కథ నాకు ఎంతో ఇష్టం. క్లాడియస్ చక్రవర్తి కాలంలో ఒక రోమను సింహళం చేరాడు. అక్కడి రాజు అతని దగ్గర పట్టుబడ్డ దేనారాలను పరీక్షించాడు. వాటిమీద తలలు వేరువేరు, అంటే వేరువేరు చక్రవర్తులవి. తూకం మాత్రం ఒక్కటే. రాజు ఆశ్చర్యపడింది ఆ తూకం చూసి. తలలను చూసి కాదు! సముద్రం దాటేసరికి బొమ్మలోని యుద్ధమంతా రాలిపోయి లోహమూ, తూకమూ మిగిలాయి.

ఇంతవరకు వచ్చాక, మనలో ప్రచారంలో ఉన్న మూడు వాదాలతో తలపడక తప్పదు. మొదటిది వైభవవాదం. రోమను నాణెం దొరికిందంటే ఆనాడు మనం ప్రపంచాన్నే ఏలామని పొంగిపోవడం. ఎవరు మనం? మసాలియా బట్ట నేసినవాడి ఇంట్లో దేనారాల కుండ ఉన్నదని చెప్పే ఆధారమేదీ నాకు కనిపించలేదు. కుండలో దాచుకోగల స్థితి ఎవరికి ఉంటుందో ఆలోచిస్తే చాలు. మూడో శతాబ్దిలో నాగార్జునకొండ శాసనంలో రుద్రధరభట్టారిక అనే ఇక్ష్వాకుల రాణి బౌద్ధ నిర్మాణానికి స్తంభంతోపాటు 170 దీనారి మాషకాలు దానమిచ్చింది. దేనారం పేరు మన శాసనభాషలో కలిసిపోయింది నిజమే. కలిసింది రాణుల దానపట్టీలో. మన రాజులు బల్లెం పట్టనివారని కూడా అనుకోవద్దు. నాసిక్ శాసనం గౌతమీపుత్ర శాతకర్ణిని శక యవన పహ్లవ నాశకుడని పొగిడింది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంభిలో దొరికిన పదమూడు వేలకు పైగా వెండి నాణేలు నహపాణుడివి. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా గౌతమీపుత్రుడు తన ముద్ర గుద్దించాడు. ఓడినవాడి ముఖంమీద గెలిచినవాడి ముద్ర! అదీ యుద్ధసాహిత్యమే. కోరమండల్ తీరాన శాతవాహనులు వేయించిన నాణేలపై రెండు కొయ్యల ఓడ కనిపిస్తుంది. ఆ ఓడ ఆంటొనీ ఓడవంటి యుద్ధనౌక కాదన్నది ముచ్చటైన సంగతే. కాని ఆ ఓడలో మూటలు మోసిన కూలీ కూడా నాణెంమీద లేడు.

రెండోది వేలంపాట వాదం. నాణేన్ని నేలనుంచి, కుండనుంచి, పక్క నాణేలనుంచి విడదీసి అద్దాల పెట్టెలో పెట్టి, అందాన్నీ అరుదునూ పొగిడేది. దీనికి సమాధానం డి. డి. కోశాంబి చేసి చూపించాడు. గణితజ్ఞుడైన ఆయన తక్షశిల రాశుల్లోని నాణేలను ఒక్కొక్కటిగా తూచి, చేతులు మారుతూ అరిగిన అరుగుదలను లెక్కగట్టి, వాటినుంచి చెలామణీ చరిత్ర రాబట్టాడు. ఆయనకు ఒక్క అందమైన నాణెంకన్నా వెయ్యి అరిగిన నాణేల రాశి విలువైనది. అరుగుదల అంటే జనం వేళ్లు. కొత్తగా మెరిసే నాణెం అరుదైనదని వేలంపాటవాడు సంతోషిస్తాడు. అది జనంలో తిరగని నాణెం అని విమర్శకుడు గుర్తించాలి.

మూడోది మన శిబిరంలోనే ఉన్న యాంత్రికవాదం. లోహమూ, మారకమే అసలు, బొమ్మ పైపూత, దాన్ని చర్చించడం రూపవాదం అనే మిత్రులున్నారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. బొమ్మకు బలం లేకపోతే ఆంటొనీ, దళానికొక ముద్ర చొప్పున అంత శ్రమ ఎందుకు పడతాడు? లుగ్దునం టంకశాల ఉన్న పట్నంలో సైనిక పటాలం కాపలా ఎందుకుంటుంది? పది ఆస్‌లకు ప్రాణాలమ్మే మనిషిని ఆ ధరకు ఒప్పించడానికి గద్ద కావాలి, డాలు కావాలి, యువజన నాయకులు కావాలి. బొమ్మ చేసిన పని అది. పని చేయని చోట దాని అసలు రంగు బయటపడుతుంది. పనోనియాలో సైనికులు ఆకలితో దాన్ని పరీక్షించారు. మన వర్తకులు గీటురాయితో పరీక్షించారు. మెదకు ప్రాంతంలోని కొండాపూర్‌లో, 1940 తర్వాత యజ్దానీ జరిపించిన తవ్వకాల్లో, రోమను నాణేలను అనుకరించిన మట్టి బిళ్లలు దొరికాయి. చక్రవర్తి తల ఇక్కడ మట్టి అలంకారమైంది. రూపం ఒక సమాజంనుంచి మరో సమాజానికి పోయినప్పుడు దాని అర్థం ఎట్లా మారుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ కావ్యంలో దొరుకుతుంది?

ఆ బొమ్మను పరీక్షించినవారిలో రైతు కూడా ఉన్నాడు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, అందులో చిన్న కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలావరకు కరిగిపోయాయి. ముప్ఫై పైచిలుకు ఆర్కాటు నవాబు కుటుంబంవారి చేతికి వచ్చాయి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి రాసిన ఉత్తరం వల్ల ఆ సంగతి మనదాకా వచ్చింది. కొన్ని కొత్తవాటిలా ఉన్నాయట. కొన్ని నగల్లో ధరించినట్టుగా అరిగి, చిల్లులుపడి ఉన్నాయట. కాసులపేరు ఎరిగిన తెలుగువారికి ఆ చిల్లు అర్థం చెప్పనక్కరలేదు. చక్రవర్తి తలకు చిల్లుపొడిచి దారానికి గుచ్చుకున్నారు! ఆ ఉత్తరంలో గవర్నరు పేరుంది, నవాబు పేరుంది. రైతు పేరు లేదు. పండితులు ఆ రైతు అజ్ఞానాన్ని చూసి చింతిస్తారు. శిస్తు కట్టాల్సినవాడికి రోమను చక్రవర్తి ముఖం ఏం కూడు పెడుతుంది? కరిగింపుకు బాధ్యత ఎవరిదని అడిగితే, ఆ నేలమీద అప్పుడున్న పన్నుల వ్యవస్థ దగ్గరికి వెళ్లవలసి ఉంటుంది.

సైన్యం, జీతం, నాణెం కలిసి దేశాలను మింగే కథ రోముతో ముగియలేదు. సికింద్రాబాదునుంచి మేడ్చల్ పోయే రైలు బొల్లారంలో ఆగుతుంది. నైజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన హైదరాబాదు కాంటింజెంటు సేనకు బొల్లారం ముఖ్య స్థావరం. ఆ సేన జీతాల బాకీ పేరుతో 1853లో కంపెనీ బేరారును తన పాలనలోకి తీసుకుంది. ఏ సైన్యం ఎవరి కాపలాకు, ఎవరి ఖర్చుతో ఉన్నదని రోమునాటి నాణెం దగ్గర అడిగిన ప్రశ్న బొల్లారం పటాలానికీ వర్తిస్తుంది. పక్కనే హకీంపేట వైమానిక స్థావరం, ఆవల దుండిగల్ శిక్షణాలయం ఉన్న ఈ ప్రాంతంలో పెరిగే పిల్లలు ఆయుధాన్ని అలంకారంగా చూడడం చిన్నప్పుడే నేర్చుకుంటారు. సైనికుడిని గౌరవించడం వేరు, ఆయుధం బొమ్మను పూజించడం వేరు. మొదటిది అతని జీతం, పింఛను, ప్రాణం లెక్క అడుగుతుంది. రెండోది ఆ లెక్కను మరిపిస్తుంది.

మా విద్యార్థి ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు ఒకటుంది. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల పాతర దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే, అందులోని లోహం బజారు విలువకు ఐదోవంతు కలిపి చెల్లించాలి. చట్టం కూడా గీటురాయి పట్టుకునే కూర్చున్నదన్నమాట! నాణెం ఏ పొరలో ఉంది, ఏ కుండలో ఉంది, పక్కన ఏముంది అన్న జ్ఞానానికి ఆ లెక్కలో చోటు లేదు. ఆ జ్ఞానాన్ని కాపాడినవాడికి ప్రతిఫలమూ లేదు. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో, ప్లాట్లకోసం నేల చదును చేస్తుండగా యంత్రానికి తగిలి పాత నగల బిందె బయటపడింది. జనం కొబ్బరికాయలు కొట్టి పూజలు చేశారు. ఆ వార్త వినగానే నాకు వచ్చిన ఆలోచన ఒకటే. బయటపడి వార్తకెక్కినది ఒకటైతే, యంత్రం కిందే నలిగి లారీ మట్టిలో పోయినవి ఎన్ని?

శామీర్‌పేటకు ఆగ్నేయంగా కొద్ది మైళ్లలో కీసరగుట్ట ఉంది. విష్ణుకుండినుల కాలపు కోట, ఇటుక కట్టడాలు, నాణేలు అక్కడ తవ్వకాల్లో వచ్చాయి. అక్కడే ఒక రాతిగుండుమీద ఐదో శతాబ్ది నాటి లిపిలో ఒకేఒక మాట చెక్కి ఉంది: “తొలుచువాండ్రు”. రాళ్లు తొలిచేవాళ్లు అని అర్థం. తెలుగులో మనకు దక్కిన తొలి రాతల్లో అదొకటి. చక్రవర్తి పేరు లేదు, బిరుదు లేదు, బల్లెం లేదు. పనివాళ్లు తమ పనిపేరు తామే చెక్కుకున్నారు. దీన్ని చూసి పొంగిపోయి, కార్మికవర్గ చైతన్యం ఐదో శతాబ్దిలోనే వెలసిందని నేను రాయబోను. అది గుర్తుగా చెక్కిన మాటే కావచ్చు. కాని దేనారంమీద వెండి తవ్వినవాడికి దొరకని చోటు ఈ గుండుమీద రాయి తొలిచినవాడికి దొరికింది. దేనారాన్ని చదివిన కన్ను ఈ గుండును కూడా చదవాలి.

ఈ ప్రాంతపు విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ నేను చేసే విజ్ఞప్తి ఇది. మన చుట్టూ తవ్వుతున్న ప్రతి గుంత దగ్గర ఒకసారి నిలబడండి. పెంకులు, ఇటుకలు, బూడిద పొర కనిపిస్తే చోటు పేరు, లోతు, తేదీ రాసిపెట్టండి, పురావస్తు శాఖకు తెలపండి. యంత్రం నడిపేవాడితో, మట్టి మోసేవాడితో మాట్లాడండి. మొదట చూసేది వారే. నాణేలు దొరికితే ఒకటి జేబులో వేసుకోకండి, రాశిని చెదరనీయకండి. ప్రదర్శనశాలకు వెళ్లినప్పుడు చీటీమీద చక్రవర్తి పేరు చదివి ఊరుకోకండి. అది ఎక్కడ దొరికింది, ఎన్నిటితో దొరికింది, ఎవరి పొలంలో దొరికింది అని అక్కడివారిని అడగండి. జవాబు లేకపోతే రాతపూర్వకంగా అడగండి. ఈ పని మనం చేయకపోతే మరికొన్నేళ్లలో ఈ నేలంతా కాంక్రీటు కిందికి పోతుంది. పైన వేలంపాట జాబితాలు మిగులుతాయి.